దండం ఎవరికని అడిగే ఉద్యోగం

సారమ్మవ్వ పోయిందన్న మాట నాకు మొదట తెచ్చింది హనుమంతప్ప. నేను గ్రామ లెక్కిగగా పనిచేసిన ఊర్లో ఆయన తలారి. ఇద్దరమూ రిటైరై చాలా కాలమైంది. ఎప్పుడొచ్చినా "కాఫీ ఉండాదా మేడమ్" అని వీధిలోంచే కేకవేసే మనిషి, ఆ రోజు బళ్ళారిలో మా ఇంటి గేటు దగ్గరే చెప్పులు విడిచి నిలబడిపోయాడు.

"సారమ్మవ్వ పోయింది మేడమ్," అన్నాడు. "తెల్లారుజామున. ఫోన్లో సెప్పబుద్ధి కాలేదు. అందుకే వస్తి."

అప్పుడే దేవుడి గూట్లో దీపం పెట్టి వచ్చాను. లోపలికి వెళ్ళి, ఇంకో ఒత్తి వేసి వెలిగించాను. అది ఆమెకి. తర్వాత చీర మార్చుకుని ఆయనతో బస్సెక్కాను.

ఈ ఉద్యోగంలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం ఏదైనా రాయమని చాలామంది అడిగారు. ఏం రాయాలో ఆ బస్సులోనే తెలిసింది. ఊరి పేరు, తాలూకా పేరు రాయను. మనుషుల పేర్లు మార్చాను. ఎందుకు మార్చానో చదివితే మీకే అర్థమవుతుంది.

పని అంటే ఇది

నేను బడికి పోయినదాన్ని కాదు. చిన్నప్పుడు ఉబ్బసం. సిరుగుప్ప దగ్గర మా ఊర్లో వడ్ల దుమ్ము లేచే కాలమంతా మంచంలోనే ఉండేదాన్ని. అమ్మ తెలుగు నేర్పింది. పక్కింటి శివమ్మత్త కన్నడ నేర్పింది. మిల్లు నుంచి వచ్చాక నాన్న లెక్కలు చెప్పేవాడు. ప్రైవేటుగా పరీక్షలు రాసి ఈ ఉద్యోగంలో చేరాను. ఆ ముగ్గురికీ రోజూ పొద్దున దీపం ముందర మనసులో మొక్కుకుంటాను. వాళ్ళు లేకపోతే నాకు ఈ కూడు లేదు.

గ్రామ లెక్కిగ అంటే ఆంధ్రలో వీఆర్వో లాంటి పని. పొలంలో ఏ పంట ఉందో చూడాలి. కాలవ తెగితే ఎవరి మడి మునిగిందో చూడాలి. ముసలివాళ్ళ పింఛనుకి ఇల్లిల్లూ తిరగాలి. ఇవన్నీ మీకు శిక్షణలో చెబుతారు. చెప్పనిది ఒకటుంది. జాతి సర్టిఫికెట్టు విచారణకి పోయినప్పుడు మీరు ఇంకొకరి దేవుడి గూట్లోకి తొంగిచూడాల్సి వస్తుంది.

చట్టం ఇట్లా ఉంది. అంటరానితనం అనుభవించిన కులాల జాబితాలో పేరుండాలంటే మనిషి హిందువై ఉండాలి, లేదా సిక్కో బౌద్ధుడో కావాలి. క్రైస్తవుడైతే ఆ జాబితాలోంచి పోతాడు. మా రాష్ట్రంలో అట్లా పోయినవాళ్ళకి వెనకబడిన తరగతుల్లో వేరే చోటు పెట్టారు గానీ, అది ఇరుకు చోటు.

మా ఊరి చివర మాదిగ కేరిలో, అంటే మాదిగవాడలో, సగం ఇళ్ళు పాత మిషన్ కాలంనాటి సంఘానివి. తాతల కాలంలోనే బాప్తిస్మం తీసుకున్నారు. దేవుడు మారాడు గానీ వీధి మారలేదు. హోటల్లో వాళ్ళకి విడిగా పెట్టిన గ్లాసు మారలేదు. పిలుపు మారలేదు. అందుకని వాళ్ళు రెండు పేర్లతో బతకడం నేర్చుకున్నారు. చర్చిలో సారమ్మ, కాగితంలో సుంకమ్మ. ఊరంతా తెలిసిన సంగతే. ఎవరూ పైకి అనేవాళ్ళు కాదు.

నా మొదటి తహసీల్దారు ధార్వాడ వైపు పెద్దాయన. నన్ను మొదటి విచారణకి పంపేటప్పుడు ఒక్కటే చెప్పాడు. "ఇంట్లోకి పోయినాక ముందు నీళ్ళు అడుగమ్మా. తాగు. ప్రశ్న ఆ తర్వాత." నేను ఆ కేరిలో నీళ్ళు తాగానని తెలిసి మా బంధువుల్లో కొందరు నెల్లాళ్ళు మా ఇంటికి రాలేదు. అప్పుడు అర్థమైంది, ఆయన నాకు పనిలో మొదటి పాఠం ఆ చెంబులో పెట్టి ఇచ్చాడని. ఎవరి ఇంట్లో నీళ్ళు తాగడానికి ఊరు జంకుతుందో, వాళ్ళ కులం విచారించడానికి వేరే ఇంకేం కావాలి? ఆయన గోడలు చూడమని ఎప్పుడూ అనలేదు. దండం ఎవరికి పెడతారని అడగమనలేదు. ఆయన ఉన్నన్నాళ్ళూ నేనూ అడగలేదు.

తిరిగే స్వామి

మేము అడగకపోయినా వాళ్ళ భయం వాళ్ళది. కేరిలో లచ్చుమక్క అని ఒకామె, చర్చికి పోని మనిషి. ఆమె ఇంట్లో వెంకటరమణ స్వామి పటం ఉండేది. కింది మూల అద్దం పగిలి, గోధుమ రంగు టేపు అంటించి ఉండేది. నేను విచారణకి వస్తున్నానంటే ఆ పటం ఇల్లిల్లూ తిరిగేది.

నాకు అది తెలియడానికి కొంచెం టైము పట్టింది. మొదటి ఇంట్లో స్వామిని చూసి దండం పెట్టుకున్నాను. తర్వాతి ఇంట్లోనూ అదే పగిలిన మూల, అదే టేపు. ఇదేందబ్బా అనుకుంటూ ఆ పక్క ఇంటికి పోతే, వాళ్ళు అనుకున్నదానికన్నా మేము ముందే వచ్చేశామేమో, లచ్చుమక్క పెరటి గుండా రొప్పుకుంటూ వచ్చింది. కొంగు కింద ఏదో పెట్టుకుంది.

"ఏం లచ్చుమక్కా, ఒళ్ళో ఏముండాది?" అన్నాడు హనుమంతప్ప.

"నీ నోట్లో మన్ను పడ, శనక్కాయలు!"

"ఈ తూరి శనక్కాయలు చదరంగా కాసినాయా?"

ఆమె నవ్వాపుకోలేక గోడకి ఆనుకుంది. ఇంటివాళ్ళు తల వంచుకున్నారు. నేనూ నవ్వాను. నవ్వి, ఆ పటం ఆమె చేతిలోంచి తీసుకుని కళ్ళకద్దుకున్నాను. వాళ్ళకి అది అరువు స్వామి కావచ్చు. నాకు నా స్వామే కదా.

దారిలో హనుమంతప్ప అన్నాడు, "పాపం, కొండ మింద కూడా స్వామికి ఇంత తిరుగుడు ఉండదు మేడమ్."

అప్పుడు నవ్వుకున్నాను గానీ, ఇంటికొచ్చి దీపం పెట్టేటప్పుడు నవ్వు రాలేదు. ఆ ఇళ్ళలో పొయ్యి పొగకి గోడలు నల్లబడి ఉంటాయి. మేకుకి వేలాడిందేదైనా తీసేస్తే దాని కింద గోడ తెల్లగా కనిపిస్తుంది. ఎవరో పెద్ద ఆఫీసరు వచ్చి నా గూట్లోంచి నా స్వామిని తీసెయ్యమంటే, నా గోడ మీద కూడా అట్లాంటి తెల్ల జాగాయే మిగులుతుంది. ఆ ఆలోచన తర్వాత నన్ను విడిచిపెట్టలేదు.

మోకాళ్ళు

సారమ్మవ్వ చర్చి వెనక ఇంట్లో ఉండేది. వరి నాట్లకి పోయి మనవరాలిని సాకింది. పిల్ల తల్లిదండ్రులు కూరెకుప్ప వైపు గనుల పనికి పోయి, లారీ బోల్తా పడి చనిపోయారు. ఆ పిల్లని సుజాత అందాం. బాగా చదివింది. సర్కారు నర్సింగు సీటుకి అర్జీ పెట్టింది.

దాని మీద ఫిర్యాదు వచ్చింది. పెట్టింది నింగప్ప. అదే కేరి, అదే కులం, చర్చికి పోని మనిషి. ఆయన కూతురూ అదే సీటుకి నిలబడింది. నేను అడిగితే ఆయన ఇట్లా అన్నాడు: "వాళ్ళకి దేవుడూ రెండు, పేర్లూ రెండు. నా బిడ్డకి ఒక్క సీటు లేదా మేడమ్?" ఆ మాటలో కుళ్ళు లేదు, కడుపుమంట ఉంది. దాన్ని తప్పని నేను ఈ రోజుకీ అనలేను. ఒకే గ్లాసులో నీళ్ళు తాగిన ఇద్దరిని సర్కారు ఎదురెదురుగా నిలబెట్టింది. నా కోపం నింగప్ప మీద లేదు.

అప్పటికి తహసీల్దారు మారాడు. కొత్తాయన మైసూరు వైపు కుర్రవాడు, నిజాయితీపరుడు, తెలుగు రాదు. ఫిర్యాదు వచ్చింది కాబట్టి తానే చూస్తానని బయల్దేరాడు. అడగాల్సినవి ఆయన కన్నడంలో చెప్పాలి, నేను తెలుగులో అడగాలి. ఆయన చేతి కింద నాకు అదే పద్ధతి. ప్రశ్న ఆయనది, నోరు నాది.

మేము పోయేసరికి లచ్చుమక్క స్వామి సారమ్మవ్వ గోడ మీద ఉన్నాడు. కానీ ఆ మేకుకి అంతకుముందు వేలాడింది కొయ్య సిలువ. దాని చేతులు పటం కన్నా వెడల్పు. తీసేసినా పటానికి అటూ ఇటూ రెండు తెల్లటి గీతలు గోడ మీద చాచుకుని ఉన్నాయి. నేను చూశాను. హనుమంతప్ప చూశాడు. తహసీల్దారు చూశాడో లేదో తెలియదు.

"దీపం పెట్టమనండి," అన్నాడాయన.

అవ్వ దీపం వెలిగించింది. వెలిగించి, కొంగు తల మీదికి లాక్కుని, కళ్ళు మూసుకుని, నెమ్మదిగా రెండు మోకాళ్ళ మీదా కూర్చుంది. అదే ఆమె చేసిన పొరపాటు. మనం స్వామి ముందర నిలబడి దండం పెడతాము, లేదా సాగిలపడతాము. బతుకంతా మోకాళ్ళూని మొక్కిన మనిషికి, మొక్కమంటే ఒళ్ళు తనంతట తానే వంగింది.

సుజాత గోడకి అతుక్కుపోయింది.

"నడుం పట్టుకుంది సార్," అన్నాడు హనుమంతప్ప కన్నడంలో, గట్టిగా. "నాట్లేసీ నాట్లేసీ నడుం పోయింది. నిలబడలేదు ముసల్ది. ఏయ్ అవ్వా, లేయ్, నేను పట్టుకుంటా."

తహసీల్దారు ఆమెని చూశాడు. తర్వాత నా వైపు తిరిగి, "చర్చిగె హోగ్తాళా కేళి," అన్నాడు.

నేను అడిగాను. "అవ్వా, చర్చికి పోతావా?"

ఆమెకి కన్నడం నాకన్నా బాగా వచ్చు. అయినా నా నోట వినేదాకా ఆగింది. సుజాత వైపు చూసింది. "లేదమ్మా," అంది.

"యేసుకి మొక్కుతావా?"

"లేదమ్మా."

ఆయన ఇంకోటి అడగమన్నాడు. యేసు నీ దేవుడా కాదా, సరిగ్గా చెప్పమన్నాడు. అడిగాను. ఆమె ఈసారి నన్ను కాదు, నేలని చూసి చెప్పింది.

"ఆయప్ప ఎవరో నాకు తెలీదు."

నేను విన్నది విన్నట్టు కన్నడంలో చెప్పాను. నా పని అదే. సర్టిఫికెట్టు వచ్చింది. సీటు వచ్చింది. సుజాత చదువుకుంది, సర్కారు నర్సయింది. చట్టం ప్రకారం అన్నీ సక్రమంగానే జరిగాయి.

వాపసు లేని మాట

తర్వాత ఒక వానాకాలం కాలవ తెగి కేరిలోకి నీళ్ళొచ్చాయి. నష్టం చూడ్డానికి పోయి, అలసిపోయి సారమ్మవ్వ ఇంటి అరుగు మీద కూర్చున్నాను. నీళ్ళిచ్చింది. జొన్నరొట్టె మీద ఇంత శనక్కాయల పొడి వేసి ఇచ్చింది. లోపల గోడ మీద సిలువ మళ్ళీ దాని జాగాలో అది ఉంది.

"చర్చికి పోతాండావా అవ్వా?" అన్నాను. అన్నాక నాలుక కరుచుకున్నాను. అదే ప్రశ్న కదా.

నవ్వింది. "ఇది నువ్వు అడిగేదా, సర్కారు అడిగేదా?"

"నేనే అవ్వా."

"పోతా. వెనక కూసుంటా. బల్ల కాడికి మాత్రం పోను."

బల్ల అంటే ఏందో అప్పుడు చెప్పింది. చర్చిలో అప్పుడప్పుడు రొట్టె, ద్రాక్షరసం అందరికీ ఇస్తారు. ప్రభువు బల్ల అంటారు. మనకి తీర్థప్రసాదాల లాంటిది అనుకున్నాను గానీ, వాళ్ళకి అంతకన్నా ఎక్కువ. మనసులో తప్పుంటే సరిచేసుకుని గానీ దాన్ని ముట్టకూడదట. ఆ రోజు తర్వాత ఆమె ముట్టలేదు.

"ప్రభువుని పట్టుకుపోయినప్పుడు శిష్యుడొకాయన చలిమంట కాడ నిలబడి 'ఆయనెవరో నాకు తెలీదు' అన్నాడంటమ్మా. నేను అన్నిందీ అదే మాట. కావాలని అనలేదు, నోటికి అదే వచ్చింది. ఆయప్పకి తప్పు గుర్తుచేసేదానికి కోడన్నా కూసింది, బయటికి పోయి ఏడ్సినాడు. నాకు మీరంతా పోయినాక హనుమంతప్ప ఎనక్కొచ్చి బీడీ అడిగినాడు."

ఆ మాటకి ఇద్దరమూ నవ్వాము. నవ్వుతూ ఉంటే ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మీ అయ్యగారు ఏమంటాడు?" అని అడిగాను. చర్చి పాస్టరుని వాళ్ళు అయ్యగారంటారు.

"మంచోడు. 'ఒప్పుకో, ప్రభువు మన్నిస్తాడు, రా సారమ్మా' అంటాడు. ఒప్పుకుంటే సరిపోతాదా తల్లీ? ఆ మాట వాపసు తీసుకోవల్ల కదా. నేను వాపసు తీసుకుంటే పిల్ల ఉద్యోగం పోతాది. ఆ మాట మిందే అది ప్రతి నెలా కూడు తింటాండాది, నాకూ పెడతాండాది. నోట్లో ఆ కూడు పెట్టుకుని, తప్పైందని ఎట్ల సెప్పేది ఆయనకి?"

నేను తాగిన చెంబు కడిగి ఆమె చేతికిచ్చాను.

నా అభిప్రాయం ఇక్కడే దాచకుండా రాస్తాను. కులం చూడాలంటే సర్కారు చూడనీ. తరతరాల అవమానానికి ఏదో ఒకటి తిరిగి ఇవ్వాల్సిందే. కానీ మనిషి ఎవరికి మొక్కుతాడో అడిగే హక్కు నాకు గానీ, నా పై అధికారికి గానీ ఎవరిచ్చారు? నచ్చిన దేవుణ్ణి కొలుచుకోవచ్చని చెప్పిన సర్కారే, కొలిస్తే ఇది దక్కదని గుమ్మంలో నిలబడి చెప్పడం నాకు ఎప్పుడూ మింగుడుపడలేదు. నేను పూజ చేసుకుని గడప దాటే మనిషిని. భక్తి ఏందో నాకు కొంచెం తెలుసు. అందుకే చెబుతున్నాను. దేవుడికీ మనిషికీ మధ్య గుమాస్తా ఉండకూడదు.

మట్టి

మేము పోయేసరికి శవం వాకిట్లో ఉంది. సుజాత తల దగ్గర కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి వచ్చి, చెయ్యి పట్టుకుంది.

"మేడమ్, నేను ఉద్యోగం ఇడిసేస్తా. అవ్వని చర్చి తోటలోనే పెట్టిస్తా. అయ్యగారు ప్రార్థన చెయ్యనీ. ఏమైతే అది కానీ."

చర్చి తోట అంటే సంఘం సమాధులుండే జాగా. అందులో పెడితే, ప్రార్థన జరిగితే, ఎవరో ఒకరు ఫిర్యాదు పెడతారు. ఆ సర్టిఫికెట్టు ఎప్పుడైనా తిరగదోడచ్చు. గోడ పక్కన, ఇప్పుడు నా ఉద్యోగంలో ఉన్న లెక్కిగ పిల్ల నిలబడి ఉంది. కొత్తగా చేరింది. చేతిలో ఫోను. "ఆఫీసులో ఊరికే చూసి రమ్మన్నారు మేడమ్," అంది నాతో, మొహం పాలిపోయి. ఆ పిల్లనేం అనగలను? అక్కడ నేనూ నిలబడ్డదాన్నే.

లచ్చుమక్క ముందుకొచ్చి సుజాత గడ్డం పట్టుకుంది. ఇప్పుడు ఆమెకి చూపు సరిగ్గా ఆనదు. "ఉద్యోగం ఇడిస్తే మీ అవ్వ ఇన్నేండ్లు ఆకలితో కూసున్నింది దేనికే? బల్ల కాడికి పోకుండా కూసున్నింది దేనికి? ఆమె ఇచ్చినదాన్ని నువ్వు పారేస్తావా?"

సుజాత నేల మీద కూలబడింది.

కేరి వాళ్ళ శ్మశానంలోనే పెట్టారు. పసుపు పూశారు, డప్పు కొట్టారు. సిలువ లేదు, పాట లేదు. పాటలు వచ్చినవాళ్ళందరూ పెదాలు బిగబట్టి నిలబడ్డారు. అయ్యగారు తన తెల్ల అంగీ వేసుకోలేదు. గళ్ళ చొక్కాతో అందరి వెనక నిలబడి, తన వంతు వచ్చినప్పుడు అందరిలాగే పిడికెడు మన్ను వేసి పక్కకి పోయాడు. నింగప్ప కూడా వచ్చాడు. తల గుడ్డ తీసి, మన్ను వేశాడు.

చివర సుజాత వంతు. మన్ను చేతిలోకి తీసుకుంది. ఆమె మోకాళ్ళు వంగడం నేను చూశాను. ఆ ఇంట్లో పెరిగిన పిల్ల, ఆమెకి వేరే దండం తెలియదు. కొత్త లెక్కిగ పిల్ల కూడా చూసింది. హనుమంతప్ప ఒక్క అడుగులో పోయి సుజాత మోచెయ్యి పట్టుకుని పైకి లేపాడు.

"నువ్వు వద్దు తల్లీ," అన్నాడు.

సుజాత నిలబడే మన్ను వేసింది. అప్పుడు ఆయన, ఆంజనేయస్వామి గుడికి శనివారం తప్పకుండా పోయే హనుమంతప్ప, తుండు తల మీద కప్పుకుని, ఆ గుంత పక్కన రెండు మోకాళ్ళ మీదా కూర్చున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. డప్పు ఆగింది. లేవాలనిపించినప్పుడు కళ్ళు తెరిచి, ఫోను పట్టుకున్న ఆ పిల్ల వైపు తిరిగాడు.

"నడుం పట్టుకుందమ్మా," అన్నాడు. "నిలబడలేను."

ఆ పిల్ల ఫోను సంచిలో పెట్టేసింది. దగ్గరికొచ్చి, ఆయన్ని లేపడానికి చెయ్యి ఇచ్చింది.

పిల్లలారా, మీకు నేనిచ్చే సలహాలు పెద్దగా లేవు. నీళ్ళు అడిగి తాగండి. చూసిందే రాయండి. ఒక్క మనవి మాత్రం ఉంది. సారమ్మ అన్నది నేను పెట్టిన పేరు. సుంకమ్మ అన్నదీ నేను పెట్టిందే. ఆమె అసలు పేరు ఇక్కడ కూడా రాయలేకపోయాను. రాస్తే ఆమె మనవరాలికి ఇచ్చిపోయినది పోతుంది. విచారణకని ఏ ఇంట్లోకైనా పోయి, నల్లటి గోడ మీద తెల్లటి జాగా ఒకటి కనిపించినప్పుడు, దయచేసి ఒక క్షణం ఆగండి. ఆమెని తలుచుకోండి.